పెన్సిల్ సంతకం ఒక్కటీ చూసి పటం కొనవద్దు: కృష్ణారెడ్డి గారి ప్రింటు అసలుదో కాదో తెలుసుకునే తీరు

పోయిన సంక్రాంతి తర్వాత రాయవేలూరులోని మా సంఘానికి రెండు పటాలు ఎదురయ్యాయి. ఒకటి మేము కొనబోయి బయానా పోగొట్టుకున్నది. ఇంకొకటి మా సభ్యుల ఇంట్లోనే యాభై ఏళ్ళకు పైగా బీరువాలో ఉండి, పాత సామాన్లవాడి బండి ఎక్కబోయి ఆగినది. రెండింటి మీదా పెన్సిల్‌తో ఒకే పేరు ఉంది: కృష్ణారెడ్డి.

ఈ రెండు పటాల వల్ల మాకు తెలిసివచ్చిన సంగతులు మిగతా ఊళ్ళలోని మన తెలుగు కుటుంబాలకూ పనికివస్తాయని ఇది రాస్తున్నాం. బెంగళూరైనా బరంపురమైనా, షోలాపూరైనా యానామైనా, పెద్దలు తెచ్చిన పటాలు మనవాళ్ళ ఇళ్ళలో ఉంటాయి. వాటిలో ఏది కాగితం, ఏది కళాఖండం అనేది తెలియక పారేసుకోకూడదు, తెలియక కొనుక్కోనూ కూడదు.

మేము కొనబోయిన పటం

మా సంఘం హాలుకు సున్నం వేయించి, ఒక గోడ మీద మన ప్రాంతపు పెద్దల గుర్తులు పెట్టాలనుకున్నాం. ఆ మాట ఎలాగో బయటికి పోయింది. ఒక వ్యాపారి మంచి ఫ్రేములో పటం తెచ్చాడు. కింద పెన్సిల్ సంతకం ఉంది, పక్కన అంకెలు ఉన్నాయి, వెనక ఒక సర్టిఫికెట్ అంటించి ఉంది. అరవై వేలు అన్నాడు. వేరేవాళ్ళు అడుగుతున్నారని తొందరపెట్టాడు. కమిటీలో ఉన్నవాళ్ళం సంబరపడి అయిదు వేలు బయానా ఇచ్చేశాం.

దాదాపు నలభై ఏళ్ళు ఆఫీసులో ఫైళ్ళు కట్టి రిటైరైన వాళ్ళం. కళ గురించి మాకు తెలిసింది తక్కువే. సంతకం ఒక్కటే చూసి బిల్లు పాస్ చేయకూడదని మాత్రం బాగా తెలుసు. ఆ తెలిసిన సంగతే ఆ రోజు మరిచిపోయాం.

మర్నాడు మా సభ్యుల్లో గడియారాలు బాగుచేసే ఒకాయన తన కంటి అద్దం పెట్టి బొమ్మను చూశాడు. "ఏమండీ, ఇది పేపర్లో వేసే ఫోటో మాదిరే ఉంది, అంతా చుక్కలే" అన్నాడు. మేమూ చూశాం. చుక్కలే. ఏదో పుస్తకంలో అచ్చైన బొమ్మను కోసి, కింద పెన్సిల్‌తో పేరు రాసి, ఫ్రేము కట్టారు. బయానా తిరిగి రాలేదు. మిగతా యాభై అయిదు వేలు దక్కాయి. అవి సభ్యులు ఏడాదికింత అని కట్టిన చందాల సొమ్ము.

కృష్ణారెడ్డి గారు మనకు ఏమవుతారు

కృష్ణారెడ్డి గారు 1925లో చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టారు. 1911 దాకా చిత్తూరు, వేలూరు రెండూ ఉత్తర ఆర్కాటు జిల్లాలోవే కాబట్టి, వేలూరు తెలుగువాళ్ళకు ఆయన పరాయివాడు కాదు. 1940లలో శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదువుకున్నారు. తరువాత మద్రాసు కళాక్షేత్రలో చిత్రకళా విభాగం చూశారు. అక్కడినుంచి లండన్ వెళ్ళి స్లేడ్ స్కూలులో చేరారు. ఆ కాలంలో అక్కడ శిల్పి హెన్రీ మూర్ పాఠం చెప్పేవారు. ప్యారిస్‌లో జాడ్కిన్ దగ్గర, ఇటలీలో మరీనో మరీని దగ్గర శిల్పం నేర్చుకున్నారు.

ప్యారిస్‌లోనే ఆయన దారి మళ్ళింది. స్టాన్లీ విలియం హేటర్ అనే ఇంగ్లీషు కళాకారుడు 1927లో మొదలుపెట్టిన ముద్రణశాల ఒకటి అక్కడ ఉంది. దాని పేరు అటెలియే 17. కృష్ణారెడ్డి గారు అందులో చేరి, కాలక్రమంలో హేటర్‌తో పాటు దాన్ని నడిపించే స్థాయికి వచ్చారు. 1970లలో న్యూయార్క్ వెళ్ళి అక్కడి విశ్వవిద్యాలయంలో ముద్రణకళ నేర్పారు. 1972లో పద్మశ్రీ వచ్చింది. 2018లో న్యూయార్క్‌లోనే కన్నుమూశారు. అంతకు ముందే, 2016లో, ఆ నగరపు మెట్రోపాలిటన్ మ్యూజియం హేటర్, కృష్ణారెడ్డి, జరీనా హష్మీ ముగ్గురి పనినీ కలిపి ప్రదర్శన పెట్టింది.

శిల్పిగా తయారైన మనిషి ముద్రణకు వచ్చాడన్న సంగతి గుర్తుపెట్టుకోవాలి. అసలు ప్రింటును గుర్తుపట్టడానికి మొదటి ఆధారం అదే.

ప్రింటు అంటే నకలు కాదు

ప్రింటు అనగానే మనకు క్యాలెండరు గుర్తుకు వస్తుంది. రవివర్మ లక్ష్మీ సరస్వతుల పటాలు మన ఇళ్ళలో ఉన్నాయి కదా, అలాంటిదే అనుకుంటాం. అది వేరు. అక్కడ ముందు రంగులతో వేసిన బొమ్మ ఒకటి ఉంది, దాన్ని చూసి వేల ప్రతులు అచ్చు వేశారు.

కృష్ణారెడ్డి గారి వంటి వారి ప్రింటుకు ముందు వేరే బొమ్మ ఏదీ ఉండదు. రాగి రేకు గానీ జింకు రేకు గానీ తీసుకుని, దాన్ని ఉలితో చెక్కి, గీకి, ఆమ్లంతో తినిపించి, ఆ రేకు మీదే బొమ్మను పుట్టిస్తారు. రంగు పూసి, తడి కాగితం పరిచి, ప్రెస్సులో గట్టిగా నొక్కుతారు. కాగితం మీద వచ్చిందే బొమ్మ. ఇలా ఒక రేకు నుంచి కొన్ని పదులు, ఒక్కోసారి ఇంకొంచెం ఎక్కువ ప్రతులు తీస్తారు. ప్రతి ఒక్కటీ అసలుదే. దాన్ని ఫోటో తీసి ఆఫ్‌సెట్‌లోనో కంప్యూటరు ప్రింటరులోనో వేస్తే అది నకలు.

కాబట్టి ఏ పటం చూసినా మొదటి ప్రశ్న "ఎవరిది?" అని కాదు, "దేనితో చేశారు?" అని అడగాలి. మన లక్ష్మాగౌడ్ గారినే తీసుకోండి. మెదక్ ప్రాంతపు నిజాంపూరులో పుట్టి, బరోడాలో చదువుకున్న ఆయన ఎచింగులు చేశారు, నీటిరంగులు వాడారు, గాజు మీద బొమ్మలు వేశారు, మట్టిలోనూ కంచులోనూ పనిచేశారు. ఇలా పలు మాధ్యమాల్లో చేసే కళాకారుల విషయంలో, ఎచింగుకు చూడవలసిన గుర్తులు గాజు బొమ్మలో వెతికితే ఏమీ దొరకవు.

ఒకే రేకు, ఒకే నొక్కుడు, అనేక రంగులు

సాధారణంగా మూడు రంగుల అచ్చు కావాలంటే మూడు రేకులు చేసి, కాగితాన్ని మూడుసార్లు నొక్కుతారు. అటెలియే 17లో ఇంకో మార్గం కనిపెట్టారు. దాన్ని విస్కాసిటీ ముద్రణ అంటారు. అందులో కృష్ణారెడ్డి గారితో పాటు బొంబాయి నుంచి వెళ్ళిన కైకో మోతీ చేయి కూడా పెద్దదే.

దాని కిటుకు మన వంటింట్లోదే: నూనె ఉన్నచోట నీళ్ళు నిలవవు. ఇక్కడ నీళ్ళు లేవు, ఉన్నవన్నీ నూనె రంగులే. ఒక రంగులో అవిసె నూనె ఎక్కువ కలిపి పల్చగా చేస్తారు, ఇంకోదాన్ని చిక్కగా ఉంచుతారు. రేకును ముందే మెట్లు మెట్లుగా, ఎత్తు పల్లాలుగా చెక్కి ఉంటారు. మొదట గాళ్ళలోకి ఒక రంగు దిద్ది పైభాగం తుడుస్తారు. తరువాత పల్చటి రంగును గట్టి రోలరుతో దొర్లిస్తే అది ఎత్తైన చోట్ల మాత్రమే అంటుతుంది. ఆపైన చిక్కటి రంగును మెత్తటి రోలరుతో దొర్లిస్తే, ఆ రోలరు నొక్కుకుని పల్లాల్లోకి దిగుతుంది. ఎత్తు మీద ముందే ఉన్న పల్చటి నూనె రంగు ఈ చిక్కటి దాన్ని పట్టుకోదు. అలా ఎవరి చోట వారు ఉన్నట్టు రంగులన్నీ ఒకే రేకు మీద నిలుస్తాయి. అప్పుడు ఒక్కసారి నొక్కితే చాలు.

ఈ పని చేతిది. నూనె ఒక చుక్క ఎక్కువైనా, రోలరు కాస్త గట్టిగా పడినా రంగు మారుతుంది. కావాలనే ఒకే రేకును వేరు వేరు రంగులలో కూడా ఆయన తీశారు. సర్కసు బఫూను మీద 1980లలో చేసిన ‘గ్రేట్ క్లౌన్’ ఎన్నో రంగుల మార్పులతో ఉంది. కాబట్టి మీ ఇంట్లోని పటం రంగు మ్యూజియం ఫోటోలోని రంగుతో కలవకపోతే అది దొంగదని అనుకోవద్దు. అచ్చంగా కలిసినా అసలుదని అనుకోవద్దు. ఫోటోను చూసి చేసిన నకలు ఫోటోలాగే ఉంటుంది కదా!

ఇంట్లోనే చేయగల అయిదు పరీక్షలు

వీటికి కావలసినవి ఒక టార్చి, నగలవాళ్ళో గడియారాలవాళ్ళో వాడే కంటి అద్దం, ఒక స్కేలు. చేతులు కడిగి బాగా ఆరనివ్వండి. ఫ్రేము విప్పవలసి వస్తే పటాలు కట్టేవాడి చేత, మీ ఎదుటే విప్పించండి.

ఒకటి, చుక్కలు. అద్దంలో చూస్తే నీలం, గులాబి, పసుపు, నలుపు చుక్కలు పూలరేకుల్లా వరుసగా కనబడితే అది ఆఫ్‌సెట్ అచ్చు. వరుస లేకుండా సన్నటి తుంపర పడినట్టుంటే కంప్యూటరు ప్రింటరు. రేకు నుంచి వచ్చిన దానిలో గీత గీతగానే ఉంటుంది, దాని మీద రంగు కొంచెం ఉబ్బి కనబడుతుంది.

రెండు, రేకు అంచు. ప్రెస్సు నొక్కిడికి రేకు హద్దు కాగితం మీద చిన్న గట్టులా దిగుతుంది. బొమ్మ చుట్టూ ఆ గుర్తు ఉందా చూడండి. అయితే మోసగాళ్ళు ఖాళీ రేకుతో ఆ హద్దును విడిగా నొక్కి పెట్టగలరు. అందుకే మూడో పరీక్ష కావాలి.

మూడు, ఎత్తు పల్లాలు. గది చీకటి చేసి, టార్చి వెలుగును పక్కనుంచి, కాగితం మీదుగా పాకేట్టు వేయండి. కృష్ణారెడ్డి గారు రేకును శిల్పంలా లోతుగా చెక్కేవారు. కాబట్టి బొమ్మలోని గీతలతో పాటు కాగితం కూడా లేచి దిగి ఉండాలి. వెనక్కి తిప్పితే ఆ ఉబ్బెత్తులు అక్కడ కూడా తెలియాలి. హద్దు మాత్రం దిగి, లోపల కాగితం నున్నగా ఉంటే అనుమానించండి.

నాలుగు, కొలత. కాగితాన్ని కాదు, రేకు హద్దును కొలవండి. పొడవు వెడల్పులు మిల్లీమీటర్లలో రాసుకోండి. పెద్ద మ్యూజియంలు తమ దగ్గరున్న ప్రతుల కొలతలు బయటపెడతాయి. తడి కాగితం ఆరేటప్పుడు కొంచెం ముడుచుకుంటుంది కాబట్టి ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా ఫరవాలేదు. సెంటీమీటర్లలో తేడా వస్తే అది ఆ రేకుది కాదు.

అయిదు, కాగితం. వెలుగుకు ఎదురుగా పట్టి చూడండి. ఫ్రాన్సులో చేసే ఆర్ష్, రీవ్ వంటి కాగితాలలో కంపెనీ నీటిగుర్తు కనిపించవచ్చు. అయితే ఆ కాగితం ఇవాళ కూడా దొరుకుతుంది. గుర్తు ఉంటే మంచిదే, అదొక్కటే రుజువు కాదు. బ్యాంకులో దొంగనోట్లు చూసే నీలి దీపం కింద పెట్టి చూడమని కొందరు చెబుతారు. కాగితాన్ని మెరిపించే రసాయనాలు 1950ల నాటికే వాడుకలోకి వచ్చాయి కాబట్టి, ఈయన పని విషయంలో ఆ దీపంతో తేలేది తక్కువ.

అంకెలు, సంతకం, సర్టిఫికెట్

కింద ఎడమ పక్క 12/75 అని ఉంటే డెబ్బై అయిదు ప్రతుల్లో ఇది పన్నెండోది అని. చిన్న అంకె ఉంటే విలువ ఎక్కువ అనే మాటను నమ్మవద్దు. ఎ.పి. అని ఉంటే కళాకారుడు తన కోసం తీసుకున్న ప్రతి. ఫ్రాన్సులో అదే మాటకు ఇ.ఎ. అని రాస్తారు. అంకె ఉండవలసిన చోట ఈ అక్షరాలు ఉన్నాయని కంగారుపడవద్దు.

సంతకం సులువుగా దొంగిలించగలిగిన వస్తువు. పెన్సిలు అందరి ఇళ్ళలోనూ ఉంటుంది. అసలు రేకు మీద బొమ్మను మళ్ళీ చెక్కడం మాత్రం ఎవరివల్లా కాదు. అందుకే ముందు కాగితాన్ని పరీక్షించి, చివర సంతకానికి రండి. బొమ్మతో పాటు సంతకం కూడా అచ్చులోనే వచ్చి, వేలితో తాకితే నున్నగా ఉంటే ఇక చెప్పేదేముంది!

సర్టిఫికెట్ అంటే అమ్మేవాడు తానే రాసిచ్చుకునే కాగితం కూడా కావచ్చు. మాకు చూపించిన దానిలో పటం కొలత లేదు, ఫోటో లేదు, ఎవరు ఏ అధికారంతో ఇచ్చారో లేదు. ఆఫీసులో ఇలాంటి కాగితం వచ్చి ఉంటే మేమే తిప్పి పంపేవాళ్ళం. కళాకారుడు ఇప్పుడు లేరు కాబట్టి అడగవలసింది ఆయన కుటుంబాన్ని, ఆయన ప్రదర్శనలు పెట్టిన గ్యాలరీలను, ఆయన ప్రింట్లు ఉన్న మ్యూజియంలను. మ్యూజియంలు ధర చెప్పవు. తమ ప్రతితో పోల్చుకోవడానికి మాత్రం దారి చూపించగలవు.

వీటన్నిటికంటే బలమైనది పటం నడిచి వచ్చిన దారి. ఎక్కడ కొన్నారు, ఎవరు ఇచ్చారు, ఆ తరువాత ఎవరి చేతికి వచ్చింది అన్నది. భూమికి లింకు డాక్యుమెంట్లు అడుగుతాం కదా, ఇదీ అంతే. మధ్యలో ఒక లంకె తెగితే అనుమానం మొదలవుతుంది.

బీరువాలోని పటం

మా బయానా కథ ఊళ్ళో మనవాళ్ళందరికీ తెలిసి నవ్వుకున్నారు. ఆ నవ్వుల్లోంచే రెండో పటం బయటపడింది. మా సంఘంలో పాత సభ్యులు ఒకాయన పోయి చాలా ఏళ్ళయింది. ఆయన భార్యకు ఎనభై దాటాయి. ఇల్లు అమ్మేసి కొడుకు దగ్గరికి పూణె వెళ్తున్నారు. సామాన్లు సర్దుతుంటే బీరువా అడుగున, పట్టుచీరల కింద ఒక అట్టపెట్టె దొరికింది. మనవళ్ళు దాన్ని పాత పేపర్లతో కలిపి గుమ్మం బయట పెట్టారు. పక్కింటివాళ్ళు చెబితే మేము పరుగెత్తాం.

"పెద్దమ్మా, ఇది ఎక్కడిది?" అని అడిగాం.

"మీ పెదనాయన ఢిల్లీలో పనిచేసేటప్పుడు తెచ్చినాడు నాయనా. మన చిత్తూరాయన వేసిండేదంట. ఒక నెల జీతంలో సగం పోసి తెచ్చినాడని నేను రెండు దినాలు మాట్లాడలేదు. ఏమో వల మాదిరి ఉందే, దీన్ని గోడకేమి తగిలించేదని పెట్టేసినాను" అంది.

చీకటి గదిలో టార్చి వేసి చూశాం. నీలం, కాషాయం రంగుల వల లాంటి ఆ బొమ్మలో కాగితం పొలం గట్లలా లేచి ఉంది. వెనక తాకితే వేలికి తెలిసింది. చుక్కలు లేవు. రేకు హద్దు ఉంది. పెట్టె అడుగున ఒక చిన్న రసీదు కూడా దొరికింది, తేదీ సగం చెరిగిపోయి ఉంది.

ఇది అసలుదే అని మేము ప్రకటించడం లేదు. ఆ అధికారం మాకు లేదు. కొలతలు, ఫోటోలు, రసీదు నకలు తెలిసినవాళ్ళకు పంపించాం. జవాబు రావాలి. ఈలోగా మా చేతనైన పని ఒకటి చేశాం. ఆవిడ చెప్పిన మాటలన్నీ, ఎప్పుడు తెచ్చారు, ఎంతకు తెచ్చారు, ఏ ఇంట్లో ఎక్కడ ఉంచారు అని మూడు పేజీలు రాసి, చదివి వినిపించి, ఆవిడ సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకున్నాం. ఒక ప్రతి పెట్టెలో, ఒకటి కొడుకు దగ్గర, ఒకటి సంఘం ఫైల్లో ఉంది. సంతకం పెట్టేముందు ఆవిడ ఆ బొమ్మను చాలాసేపు చూసింది. "ఆయప్ప చెప్తానే ఉండె, నేనే వినలేదు" అంది.

ఎలా దాచుకోవాలి

ప్రింటును అట్టకు జిగురుతో అంటించవద్దు. లామినేషన్ అసలే వద్దు. సెల్లోటేపు వేయవద్దు, వెనక పెన్నుతో పేర్లు రాయవద్దు. అంచులు ఎక్కువగా ఉన్నాయని కత్తిరిస్తే రేకు హద్దు, సంతకం, అంకెలు పోతాయి, విలువా పోతుంది. ఫ్రేము వెనక ప్లైవుడ్డు, హార్డుబోర్డు పెడితే వాటిలోని ఆమ్లం కాగితాన్ని పసుపు చేస్తుంది. ఆమ్లం లేని అట్ట అడిగి పెట్టించండి. అద్దం బొమ్మకు తగలకుండా మధ్యలో మౌంటు ఉండాలి. ఎండ పడే గోడ, వానకు చెమ్మగిల్లే గోడ రెండూ పనికిరావు. యానాం, చెన్నై, బరంపురం లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఏడాదికి ఒకసారైనా తీసి బూజు, పురుగు ఉందేమో చూసుకోవాలి. పాత ఫ్రేము వెనక దుకాణం చీటీ గానీ, గ్యాలరీ చీటీ గానీ ఉంటే చింపకండి. అది కూడా ఒక లింకు డాక్యుమెంటే.

మా మనవి

మన తరువాతి తరం వేరే ఊళ్ళకు, వేరే దేశాలకు వెళ్తోంది. పాత ఇళ్ళు ఖాళీ అవుతున్నాయి. ఇల్లు ఖాళీ చేసే రోజున ఎవరికీ తీరిక ఉండదు. కాబట్టి ఇప్పుడే, ఇంట్లో పెద్దవాళ్ళు ఉండగానే, గోడ మీదివి, బీరువాలోవి ఒకసారి కిందికి దించండి. ప్రతి పటానికీ ఎక్కడిది, ఎవరు తెచ్చారు అని అడిగి రాసిపెట్టండి. టార్చి పరీక్ష ఎప్పుడైనా చేసుకోవచ్చు. కాగితం ఎక్కడికీ పోదు. దాని కథ తెలిసిన మనిషిని మాత్రం తరువాత అడగలేం.

ఎవరైనా పటం అమ్మడానికి వచ్చి తొందరపెడితే, గడియారాల షాపు దాకా వెళ్ళివస్తామని చెప్పండి. అసలు సరుకు ఉన్నవాడు అరగంట కూర్చుంటాడు.